బస్సులో వచ్చే చాక్లెట్ పాకం

వంటగదిలో నేను అడుగు పెట్టగానే మా అమ్మాయి శైలజ స్టవ్ ఆపేసేది.  మంట తగ్గించడం కూడా కాదు, పూర్తిగా ఆపేసేది. నేను చెప్పదలచుకున్నది చెప్పి, గిన్నెలోకి తొంగి చూసి, తెడ్డుతో ఒకసారి కలిపి బయటికి పోయేదాకా చేతులు కట్టుకొని నిలబడి, ఆ తరువాత మళ్ళీ వెలిగించుకునేది. ఇంత వయసు వచ్చాక నా గురించి నాకు ఇంతకంటే స్పష్టంగా ఎవరూ చెప్పలేదు. అయినా మరుక్షణం మళ్ళీ లోపలికి పోయేవాణ్ణి. ఉద్యోగమంతా పిల్లల నోటు పుస్తకాలు దిద్దుతూ గడిపినవాణ్ణి. ఎర్ర సిరా అయిపోయినా చెయ్యి ఊరుకోదు. ఉడుకుతున్న పాలను చూసినా దిద్దాలనే ఉంటుంది నాకు.

ఇదంతా ఒక ఇత్తడి బోగిణి దగ్గర మొదలైంది. ఆళ్ళగడ్డలో మా ఇంటికి సున్నం వేయించాలని అటక మీది సామాన్లు దించుతుంటే, పాత చాపల కట్ట వెనక అది కనపడింది. లోపల కళాయి పోయింది, బయట మసి పెచ్చులు కట్టింది. మూత మాత్రం ఇంకా బిగుతుగానే కూర్చుంటోంది. మా ఆవిడ సుశీల దాన్ని పాత సామాన్లవాడికి వేసేద్దామని వాకిట్లో పెట్టింది. వద్దు, అది మా అమ్మ చాక్లెట్ కాచిన బోగిణి అన్నాను. సున్నం పని చూసి పోదామని వచ్చిన శైలజ ఆ మాట పట్టుకుంది.

శైలజ నంద్యాలలో ఉంటుంది. అల్లుడి ఉద్యోగం అక్కడే. కొంతకాలంగా ఇంట్లోనే ఐస్‌క్రీం చేసి తెలిసినవాళ్ళకు ఇస్తూ వచ్చి, ఇప్పుడు బస్టాండుకు పోయే దారిలో ఒక చిన్న గది అద్దెకు తీసుకుంది. ఐస్‌క్రీం బాగా చేస్తుంది, దానిలో నేను కూడా వంక పెట్టలేకపోయాను. తంటా అంతా దాని మీద వేడివేడిగా పోసే చాక్లెట్ పాకంతోనే. కంపెనీ సీసాల్లో వచ్చేది పోస్తే ఐస్‌క్రీం మీద నిలవకుండా జారి కప్పు అడుగున మడుగు కడుతుంది. వేడి చేస్తే నీళ్ళవుతుంది. ఫోనులో చూపించే పద్ధతులకేమో నంద్యాలలో ఏ అంగడివాడూ పేరు కూడా వినని సామాన్లు కావాలి. తెప్పించిన చాక్లెట్ బిళ్ళలు మా ఎండలకు దారిలోనే కరిగి, అట్టపెట్టె లోపలి రంగు పూసుకొని దిగాయి. శైలజకు కావలసింది ఒక్కటే: పొయ్యి మీద నుంచి దించినట్టు వేడిగా పోయాలి, చల్లటిది తగలగానే బిగుసుకొని చెంచాతో లాగితే సాగాలి, పంటికి పట్టుకోవాలి, అంతలోనే కరగాలి. అట్లాంటిది మా ఇంట్లోనే చేసేవారని తెలిసేసరికి కళ్ళు పెద్దవి చేసింది.

"ఆ రుచి నీకు గుర్తుండాదా నాయనా?" అని అడిగింది.

"గుర్తుండకేం? కాలేజీ చదివినన్ని దినాలూ అది నా ఒళ్ళోనే కదా నంద్యాలకు పోయింది," అన్నాను.

ఆ మాట నమ్మి, బోర్డు రాసే అతనికి చెప్పేసింది. అంగడి పేరు కింద 'జేజి చాక్లెట్ పాకం' అని పెద్ద అక్షరాల్లో రాశాడతను. మా వైపు నాయనమ్మను జేజి అంటాం. శైలజ పుట్టేనాటికే మా అమ్మ లేదు. చూడని జేజి పేరు బోర్డు మీదికి ఎక్కింది, ఆమె పాకం మాత్రం ఇంకా గిన్నెలోకి రాలేదు. రప్పించే పూచీ నాది.

మా అమ్మ ఆ పాకం ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. దాన్ని కనిపెట్టింది అంటేనే సరిపోతుంది. మా చిన్నాయన ఓబులేసుకు నంద్యాలలో సినిమా హాలు పక్కన కూల్‌డ్రింకుల అంగడి ఉండేది. ఆయన ఏదో పని మీద బెంగళూరు పోయి, అక్కడ గాజు కప్పులో ఐస్‌క్రీం మీద వేడి చాక్లెట్ పోసి ఇస్తే తిని వచ్చాడు. వచ్చినప్పటి నుంచి అదే మాట. వేడీ చలీ ఒకేసారి నోట్లో పడితే ఎట్లుంటుందో మా ఇంటిల్లిపాదికీ చేతులు తిప్పుతూ చెప్పాడు. ఒక కోకో డబ్బా కూడా తెచ్చాడు కానీ, దాన్ని ఏం చేయాలో తెలుసుకొని రాలేదు. నేరుగా ఆళ్ళగడ్డ వచ్చి డబ్బాను మా అమ్మ ముందు పెట్టి, "వదినా, ఇది పాలల్లో కాంచి ఆముదం మాదిరి జేసియ్యి" అన్నాడు. తినే వస్తువును ఆముదంతో పోల్చినందుకు అమ్మ ఆయన వైపు చాలాసేపు చూసింది.

మాది సేద్యం ఇల్లు. రెండు ఎనుములు, అంటే గేదెలు, ఉండేవి. తెల్లవారక ముందే పాలు పితికే చప్పుడు, కుడితి తొట్టి వాసన, పొయ్యిలో పత్తికట్టె చిటపటలు, వీటితోనే మా ఇంట్లో పొద్దు మొదలయ్యేది. ఇంట్లోకి వాడుకోగా మిగిలిన పాలను అమ్మ కోవా కాచేది. అందుకోసం తుమ్మ మొద్దులు వేరుగా ఎండబెట్టి పెట్టుకునేది. పత్తికట్టె మంట ఎగిసిపడి చల్లారుతుంది, తుమ్మ నిప్పు ఒకే తీరుగా నిలుస్తుంది. కోవా కాచేటప్పుడు తెడ్డు ఆపకూడదు. ఆపితే అడుగంటుతుంది. మా నాయన పిలిచినా, వాకిట్లో భిక్షగాడు పిలిచినా, అమ్మ తెడ్డు ఆపకుండానే జవాబు చెప్పేది. మా నాయన తల్లి, నాకు జేజి, గుంజకు ఆనుకొని కూర్చుని ఆకూవక్కా నములుతూ, అమ్మ చెయ్యి ఎక్కడ నిదానించినా గొంతు సవరించేది. మా ఇంట్లో పుట్టినవాళ్ళకు పాలు కాచడమంటే తెడ్డు తిప్పడమే.

ఆ కోకోతో అమ్మ పడిన పాట్లు ఇప్పుడు తలుచుకుంటే నవ్వు వస్తుంది కానీ, అప్పుడు ఇంట్లో ఎవరూ నవ్వలేదు. పొడిని నేరుగా మరిగే పాలల్లో వేస్తే ఉండలు కట్టి గోలీల మాదిరి తేలింది. గోరువెచ్చటి పాలల్లో మెదిపి పోస్తే చేదు. చక్కెర పెంచితే బిగుసుకుపోయి, చల్లారాక గూట్లో పెట్టిన గిన్నెలో నుంచి చెంచా ఊడిరాలేదు. మా జేజి వాసన చూసి, మాడిన పాలకు ఇంత దూరం పోవల్సిన పనేముంది, మనింట్లోనే మాడుస్తాం కదా అంది. పైగా వారానికొకసారి చిన్నాయన వచ్చి రుచి చూసి, ఇది కాదు వదినా, అది వేరే అనేవాడు. ఎట్ల వేరే అని అడిగితే చెప్పలేడు. నోరు చప్పరించి, కళ్ళు మూసుకొని, తల అడ్డంగా ఊపేవాడు. అమ్మకు నిజంగా కోపం వచ్చింది ఒకే ఒక్కసారి.

"ఓబులేసూ, తినింది నువ్వు. కాంచేది నేను. నీ నాలిక కోసి ఈడ పెట్టి పో, దాన్నే అడుగుతా," అంది.

ఇంట్లో ఐసు లేదు. అందువల్ల అది చల్లటిదాని మీద ఎట్లా బిగుసుకుంటుందో చూసే దారి లేదు. ఆళ్ళగడ్డలో దేవుళ్ళ విగ్రహాలు చెక్కే శిల్పుల కొట్టాలు చాలానే ఉన్నాయి. వాళ్ళ దగ్గర పగిలిపోయిన రాళ్ళు ఏదో ఒక రూపంలో ప్రతి ఇంట్లోకీ చేరతాయి. మా ఇంట్లో నున్నగా తోమిన నల్లరాతి పలక ఒకటి ఉండేది, ఏ పీఠంలోనో విరిగిన ముక్క. అమ్మ దాన్ని నీళ్ళ కుండ కింద, చెమ్మలో పెట్టింది. పాకం ఉడుకుతుండగా పలక తెచ్చి దాని మీద ఒక చుక్క వేసేది. చుక్క పారితే ఇంకా కాలేదు. పారకుండా మినుపగింజ మాదిరి నిలబడి, వేలితో తాకినప్పుడు సాగితే దించేది. ఆ రాయి మీద వేసిన చుక్కలను మా చెల్లెళ్ళు నాకడానికి పోటీ పడేవారు. చివరికి చిన్నాయన ఒకరోజు కళ్ళు తెరిచి తల నిలువుగా ఊపాడు. అంతే, మరుసటి రోజు నుంచి మా ఇంట్లో పొద్దున కోవా, దాని వెనకే చాక్లెట్.

అంగడి నంద్యాలలో, ఎనుములు ఆళ్ళగడ్డలో. అమ్మ ఇల్లు వదిలి రాదు, చిన్నాయన అంగడి వదిలి రాడు. నంద్యాల కాలేజీలో చదువుతూ రోజూ బస్సెక్కేది నేను. కాబట్టి మోసే పని నాకు పడింది. అమ్మ పాకాన్ని బోగిణి అంచు దాకా నింపేది. ఖాళీ ఉంటే తొణుకుతుందని, తొణికితే గోడలకు అంటి ఎండుతుందని. పైన వెన్న రాసిన అరిటాకు, దాని మీద మూత, చుట్టూ తడిగుడ్డ, ఆపైన గొర్రెబొచ్చు గొంగడి. ఆ మూటను ఒళ్ళో పెట్టుకొని కిటికీ పక్కన కూర్చునేవాణ్ణి. కింద పెడితే అమ్మకు తెలిసిపోతుందని నా భయం. తొడలు కాలేవి. గొంగడి వాసన, పాల వాసన, కోకో వాసన కలిసి చొక్కాకు పట్టేవి. దారిలో శిరివెళ్ళలో ఎక్కే నా తోటి విద్యార్థులు, లోపల ఏముందిరా, కోడిపిల్లలా అని అడిగేవారు. కిటికీలో నుంచి సెనగ చేలు చూస్తూ, నంద్యాల ఎప్పుడొస్తుందా, దీన్ని ఎప్పుడు వదిలించుకుంటానా అని తప్ప నాకు వేరే ఆలోచన ఉండేది కాదు.

ఇంత వివరంగా తెలిసినవాణ్ణి కదా, నా కూతురికి చేయించలేనా అనుకున్నాను. బోగిణికి కళాయి పోసేవాడి కోసం నంద్యాల అంతా తిరిగాను. దొరికినవాడు, ఇప్పుడెవరు పోయించుకుంటాండారు సార్, స్టీలుది కొనుక్కోండి అని సలహా ఇచ్చి, అయినా పోసిచ్చాడు. కోకో పొడి అడిగితే ఒక అంగడిలో పిల్లలు పాలల్లో కలుపుకునే పొడి ఇచ్చారు. రెండూ ఒకటే సార్ అని నాతో వాదించాడు అంగడివాడు. నేనూ వాదించాను. ఇంటికి వచ్చాక చూస్తే, ఆ వాదన మధ్యలో అదే పొడి కొనుక్కొని వచ్చాను. సుశీల దాన్ని నెల దినాలు నాకు పొద్దున పాలల్లో కలిపి ఇచ్చింది, ఒక్క మాట అనకుండా.

పక్కింటివాళ్ళ ఎనుము పాలు చిక్కగా ఉంటాయని శైలజ ఆళ్ళగడ్డకే వచ్చి కాచేది. నేను పక్కన నిలబడి చెప్పేవాణ్ణి. మొదటిసారి, బెల్లం వెయ్యి, మా అమ్మ బెల్లం వేసేది అన్నాను. మరిగే పాలల్లో బెల్లం వేస్తే విరిగిపోతాయని సుశీల అంటూనే ఉంది. విరిగాయి. ఆ నల్లటి విరుగుడును చూస్తూ, అప్పటి బెల్లం వేరు అన్నాను. రెండోసారి మంట ఎక్కువైంది, అది నేనే పెంచాను. ఆ తరువాత అమ్మ మాదిరే పలక మీద చుక్క వేసి చూసి దించితే, పాకం అప్పటికి పట్టులాగా ఉన్నా, చల్లారేసరికి పళ్ళ కింద ఇసుక మాదిరి చక్కెర తగిలింది. ఎన్నిసార్లు చేసినా అంతే. శైలజ చెయ్యి ఆపినప్పుడల్లా నేను తెడ్డు అందుకొని తిప్పేవాణ్ణి. ఇది కోవా కాదు నాయనా, కలపొద్దు, కలిపేకొద్దీ చక్కెర మళ్ళీ గింజ కడుతుంది, ఫోనులో అందరూ అదే చెప్తాండారు అని అది. ఫోనులోవాళ్ళు ఎనుములను ఎప్పుడన్నా చూసినారా అని నేను. చివరికి ఒకరోజు తెడ్డు ఒక కొస దాని చేతిలో, ఒక కొస నా చేతిలో ఉండగా సుశీల మధ్యకు వచ్చింది. స్టవ్ ఆపి, బోగిణి మీద మూత పెట్టి, ఇద్దరూ వచ్చి అన్నం తినండి అంది.

ముగ్గురం తిన్నాం. పప్పులో ఉప్పు తక్కువైనా నేను చెప్పలేదు, అంత కోపం. చేతులు కడుక్కొని, గిన్నె తోమడానికి పడేద్దామని శైలజ మూత తీసింది. పాకం అద్దం మాదిరి మెరుస్తోంది. చెంచాతో ఎత్తితే పట్టుదారంలా దిగింది. నోట్లో వేసుకుంటే ఒక్క గింజ లేదు. ఇంకా వెచ్చగానే ఉంది. శైలజ నా వైపు చూసింది. సుశీల ఇద్దరి వైపూ చూసి, "ఇన్ని దినాలకు దాన్ని ఊరికే ఉండనిచ్చినారు," అంది.

అప్పుడు గుర్తొచ్చింది నాకు. మా అమ్మ దించీ దించగానే మూత పెట్టేది. ఆ తరువాత నంద్యాల చేరేదాకా దాన్ని ఎవరూ ముట్టుకునేది లేదు. బస్సు ప్రయాణాన్ని నేను మోత అనుకున్నాను. అది వంటలో సగం. ఆ గొంగడిలో, నా ఒళ్ళో, కదలకుండా మెల్లగా చల్లారుతూ అది పాకమయ్యేది. తెడ్డు చప్పుడు మాత్రం జ్ఞాపకం పెట్టుకొని, తెడ్డు ఆగాక జరిగినదంతా మరిచిపోయాను.

ఇంతటితో అయిపోయి ఉంటే బాగుండేది. శైలజ ఒక చెంచా నాకిచ్చి, ఇదేనా నాయనా అంది. నేను నోరు చప్పరించి, కళ్ళు మూసుకొని, "బాగుండాది. కానీ అది కాదు," అన్నాను.

ఆ రోజు నుంచి కొత్త అవస్థ మొదలైంది. శైలజ ఉప్పు రాయి వేసి చూసింది. వెన్న బదులు నెయ్యి వేసింది. పాలు ఇంకా మరగబెట్టింది. కాఫీ డికాక్షన్ రెండు చుక్కలు వేసింది. చక్కెర కొంచెం మాడ్చి కలిపింది. ప్రతిసారీ చెంచా నా దగ్గరికి వచ్చేది, ప్రతిసారీ నేను తల అడ్డంగా ఊపేవాణ్ణి. దగ్గరికి వచ్చింది అనేవాణ్ణి ఒకసారి, దూరం పోయింది అనేవాణ్ణి ఇంకోసారి. నిజంగానే నాకేదో తెలుసు అనుకున్నాను. అంగడి తెరిచే రోజు దగ్గరపడుతోంది. దాని ముఖం చిన్నబోయి, మాట కరుకైంది. నంద్యాల గదిలో కుర్చీల ప్లాస్టిక్ కవర్లు కూడా తీయకుండా, బోర్డు వైపు చూడకుండా తిరిగేది.

చివరిసారి అక్కడే, ఆ గదిలో జరిగింది. చెంచా ఇచ్చింది, నేను తల ఊపాను. అది చెంచాను బల్ల మీద పెట్టి, నా ఎదురుగా కుర్చీ లాక్కొని కూర్చుంది.

"సరే. ఎట్లుండె, చెప్పు. చేదా? తీపా? పొగ వాసనా? ఏదో ఒగటి చెప్పు నాయనా, అట్లే జేస్తా. చెప్పలేకపోతే బోర్డు చెరిపించి సీసాలే తెప్పిస్తా. జేజి పేరు పెట్టి ఎవరికీ అబద్ధం అమ్మను."

చెప్పడానికి నోరు తెరిచాను.  నాలుక మీద వెతికాను. తొడల మీద బరువు గుర్తొచ్చింది, గొంగడి దురద గుర్తొచ్చింది, శిరివెళ్ళ దగ్గర గుంటల్లో బస్సు ఎగిరితే మూటను రెండు చేతులా పట్టుకోవడం గుర్తొచ్చింది. రుచి లేదు. ఎందుకంటే నేను దాన్ని తినలేదు. మొదట్లో రాయి మీది చుక్కలు ఎప్పుడన్నా నాకానేమో. ఆ తరువాత దాని వాసనంటేనే విసుగు. చిన్నాయన కప్పులో పెట్టి ఇస్తే, వద్దు చిన్నాయనా, టైమవుతాంది అని కాలేజీకి పరిగెత్తేవాణ్ణి. బోగిణి కదలకుండా ఉంచడం తప్ప అందులో ఏముందో నాకు తెలియదు. తెలియని రుచిని అడ్డం పెట్టుకొని, తెలిసిన పిల్లను ఇన్ని వారాలు తల ఊపి తిప్పలు పెట్టాను. మా చిన్నాయనే నయం, ఆయన ఒకసారి తిని వచ్చాడు.

"నాకు గుర్తులేదమ్మా," అన్నాను. "గుర్తుకు రాకపోవడం గాదు. నేను దాన్ని తిన్యేదే ల్యా."

శైలజ కుర్చీలో వెనక్కి వాలింది. రోడ్డు మీద ఆటోలు పోతున్నాయి. నేను తిట్లు తినడానికి సిద్ధపడే కూర్చున్నాను.

"అయితే ఇన్ని దినాలు నాతో దేనికి కొట్లాడినట్టు?"

"ఊరికే. చెప్పేటోణ్ణి నేను గావాలని."

శైలజ చెంచా తీసుకొని తనే నాకింది. కళ్ళు మూసుకోలేదు. గోడ వైపు చూస్తూ తిని, ఉప్పు రాయి వేసింది బాగుండాది, అదే ఖాయం అంది. బోర్డు అట్లే ఉంటుందని, పలక మీద చుక్క వేసి చూడడం, మూతపెట్టి వదిలెయ్యడం జేజివే కదా, ఆ పేరుకు అవి చాలని అంది. ఇంక నేను వంటగదిలోకి రాకూడదని కూడా అంది. సరేనన్నాను. ఇదివరకు కూడా చాలాసార్లు సరేనన్నాను కాబట్టి నా మాట అది నమ్మలేదు, మధ్యలో ఒక తలుపు పెట్టించింది.

అంగడి తెరిచిన రోజు నన్ను ముందు గదిలో మూల కుర్చీలో కూర్చోబెట్టారు. లోపల ఏం జరుగుతోందో కనపడదు. మూత చప్పుడైనప్పుడల్లా నాకు లేవాలనిపించేది. బంధువులు, అల్లుడి ఆఫీసువాళ్ళు, టైపు నేర్చుకునే ఆడపిల్లలు వచ్చారు. నాతో శిరివెళ్ళలో బస్సెక్కిన మద్దిలేటి కూడా బోర్డు చూసి వచ్చాడు. ఒకప్పుడు చిన్నాయన అంగడిలో రోజూ కనపడేవాడు. వచ్చినవాళ్ళలో ఆ రుచి తెలిసినవాడు అతనొక్కడే. తింటుంటే అతని నోటి వైపే చూస్తూ కూర్చున్నాను. కప్పు ఖాళీ చేసి మూతి తుడుచుకున్నాడు.

"ఇది బాగుండాదప్పా," అన్నాడు. "అప్పటిది ఇంత నున్నగా ల్యాకుండె. ఒగో దినం మాడు వాసన గూడా వస్తాండె. మేము తినేదానికి యాడ వస్తాంటిమి, మీ చిన్నాయన ఫ్యాను కింద కూచోనీకి వస్తాంటిమి."

నాకు కోపం రావలసింది. మా అమ్మ పొయ్యి ముందు పడిన కష్టం చెప్పి అతని నోరు మూయించాలనిపించింది కూడా. అయితే మాడు వాసన అనగానే ఒక సంగతి తట్టింది. వానాకాలంలో తుమ్మ మొద్దులు తడిసిపోయి, అమ్మ పత్తికట్టెతో కాచిన రోజులుండేవి. మంట ఎగిసిపడి ఉంటుంది. ఆ రోజుల్లో మాడిన పాకమే మోసి ఉంటాను. మా అమ్మకు ఆ సంగతి తెలియదు. ఆమె ఏ రోజూ నంద్యాల రాలేదు, ఐస్‌క్రీం మీద పోసుకొని తినలేదు. తెలియజెప్పడానికి ఉన్నది నేనొక్కణ్ణే.

వచ్చినవాళ్ళందరూ వెళ్ళిపోయి, ముందు గదిలో నేను మాత్రం మిగిలాక, లోపలి తలుపు సగం తెరుచుకుంది. శైలజ చేతులు తుడుచుకుంటూ గడపలో నిలబడింది. జుట్టు చెమటకు నుదుటికి అంటుకుపోయింది.

"ఏమన్నారు నాయనా తిన్యోళ్ళు?" అంది.

సాయంత్రం ఖాళీ బోగిణి తెచ్చి అరుగు మీద పెడితే మా అమ్మ కూడా ఇదే అడిగేది. రోజూ అడిగేది. నేను కాళ్ళు కడుక్కుంటూ, ఆమె వైపు చూడకుండా, బాగుందన్నారు అనేవాణ్ణి. ఎవరు ఏమన్నదీ నాకు తెలియదు, అక్కడ నిలబడితే కదా. మెచ్చుకోలు కోసం అడుగుతోందని అనుకునేవాణ్ణి. ఆమెకు కావలసింది మెచ్చుకోలు కాదని, మరుసటి రోజు ఏ కట్టె పెట్టాలో తెలుసుకోవడమని ఆ గడపలో నిలబడిన పిల్ల ముఖం చూశాక అర్థమైంది. అప్పట్లో మా అమ్మకు ఒక్క నిజం మోసుకొచ్చి ఉంటే, ఆ మాడు వాసన రెండో రోజుకే పోయేది.

"కూర్చో, చెప్తా," అన్నాను.

మద్దిలేటి అన్నది అన్నట్టే చెప్పాను, ఫ్యాను సంగతితో సహా. ఆఫీసువాళ్ళలో ఒకాయన ఉప్పు తగిలిందని ముఖం పెట్టినట్టు చెప్పాను. టైపు పిల్లల్లో ఒకమ్మాయి సగం వదిలేసిందని, రెండో అమ్మాయి ఆ సగం కూడా తినిందని చెప్పాను. చివర్లో వచ్చినవాళ్ళకు పాకం చల్లబడిపోయింది, ఐసు మీద సాగలేదు, గట్టిగా పెళుసైంది అని చెప్పాను. శైలజ మధ్యలో అడ్డం రాలేదు, నవ్వలేదు, చిన్నబుచ్చుకోలేదు. చివరిది విన్నప్పుడు మాత్రం తలుపు సందులో నుంచి లోపలి స్టవ్ వైపు చూసి, వేడినీళ్ళ గిన్నెలో పెట్టి ఉంచాల అని తనలో తను అనుకుంది.

"ఇంకా?" అంది, నా ఎదురు కుర్చీలో కూర్చుంటూ.